గడప లేని ఇల్లు

వయసు మళ్ళినవాళ్ళ కోసం కట్టిన కాలనీలు మూడు చూశాం. మూడింటికీ నేనే వంకలు పెట్టాను. ఒకచోట మెట్ల పక్క కమ్మీ వదులు. ఇంకోచోట పక్కింటాయన దగ్గు గోడలోంచి వినిపించింది, ఆ దగ్గు తీరు నాకు నచ్చలేదు. మరోచోట ఆంబులెన్సు వెనక్కి తిరగడానికి చోటు లేదు. ఇది నాలుగోది. ఊరికి దూరంగా, చెట్ల మధ్య, ఎవరి చేతిలోంచైనా చెంచా జారిపడితే వీధంతా తిరిగి చూసేంత నిశ్శబ్దంగా ఉన్న కాలనీ. దీని గేటు దగ్గర మా అమ్మాయి కారు ఆపిందనీ, కావలి మనిషి వంగి లోపలికి చూసి మా ఆయనకి పాత చుట్టానికి పెట్టినట్టు నమస్కారం పెట్టాడనీ పోయినవారం భాగంలో చెప్పి ఆగాను.

ఈయన ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి అన్నారు. మరి ఆ నమస్కారం ఏమిటి?

"అందరికీ పెడతాడే. అది వాడి ఉద్యోగం," అన్నారు ఈయన.

నాకు పెట్టలేదు. నేనూ ఆ కార్లోనే ఉన్నాను.

ఉన్నాను గానీ వెనక సీట్లో ఉన్నాను. అమ్మాయి డ్రైవింగు నేర్పుతుంది. నేర్పే కారు కాబట్టి పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఒకప్పుడు నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టింది. ఎక్కడో వీధి చివర బస్సు కనిపించేసరికి నేను ఆ బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. వెనకొచ్చే లారీవాడు మా వంశాన్నంతా తలుచుకున్నాడు. ఆనాటి నుంచి నాకు వెనక సీటే. అక్కడ బ్రేకు లేకపోయినా నేను తొక్కుతూనే ఉంటాను. ఇంటికొచ్చేసరికి పిక్కలు పట్టేస్తాయి.

అసలు ఇల్లు మారాలన్న ఆలోచన నాది కాదు. నాలుగో అంతస్తులో మా పాత ఇల్లు నాకు బాగానే ఉంది. అక్కడి భయాలన్నీ నాకు అలవాటైపోయాయి. గ్యాసు ఎక్కడ వాసనొస్తుందో, ఏ కిటికీ గొళ్ళెం నమ్మకూడదో తెలుసు. కొత్త ఇంట్లో అన్నీ మొదట్నుంచి భయపడాలి. కానీ ఈయన పట్టుబట్టారు, అమ్మాయి సరేనంది, కాదనడానికి నాకు ఓపిక లేకపోయింది. ఈ వయసులో ఇల్లు చూడడమంటే ఏ గదిలో మంచం పడుతుందా అని చూడడం కాదు, ఏ గదిలో మనం మంచాన పడతామా అని చూడడం. అది ఎన్నిసార్లని చూస్తాం?

మేనేజరు తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ ఎదురొచ్చింది. మమ్మల్ని ముగ్గురినీ మొదటిసారి చూసినట్టే పలకరించింది. ఏం తాగుతారంది. ఎండగా ఉందంది. నేను అడగాల్సింది ముందే అడిగేశాను.

"ఇక్కడ ఎవరైనా పోతే ఎటునుంచి తీసుకెళ్తారండీ?"

"అమ్మా!" అంది అమ్మాయి.

"తప్పేముంది? రేపు తెలుసుకునే పరిస్థితిలో ఉంటానా?"

మేనేజరు తడబడలేదు. "వెనకవైపు పెద్ద లిఫ్టు ఉందండి. అందులో స్ట్రెచరు తిన్నగా పడుతుంది," అంది. ముందు చూసిన కాలనీల్లో ఈ ప్రశ్నకి అందరూ దగ్గారు. ఈవిడ దగ్గలేదు. నాకు కొంచెం నచ్చింది.

వింతేమిటంటే, లిఫ్టు మాట వచ్చినా మా ఆయన నోరెత్తలేదు. బతుకంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఏ భవనంలోకి అడుగుపెట్టినా ముందు లిఫ్టు తలుపు మీద చెయ్యి వేసి, పసిపిల్ల జ్వరం చూసినట్టు చూసి, "దీనికి తైలం పెట్టి ఎన్నాళ్ళయిందో" అనేవారు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా భోజనాల దగ్గర కాకుండా లిఫ్టు దగ్గర దొరికేవారు. అలాంటి మనిషి ఇవాళ అటు తలైనా తిప్పలేదు.

"కింది అంతస్తు ఇల్లు చూపించండి," అన్నారు.

"కిందేమిటండీ? పాములొస్తాయి. దొంగలొస్తారు. వానొస్తే నీళ్ళొస్తాయి. మూడో అంతస్తు అడగండి."

"దొంగ ఇంత దూరం వచ్చి మన పాత రేడియో పట్టుకుపోతాడా?"

"ఎవరో కారు వెనక్కి తీస్తూ గోడలోంచి లోపలికి వచ్చేస్తే?"

"అమ్మా, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఈ చుట్టుపక్కల లేరులే," అంది అమ్మాయి. నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. ఈమధ్య అది సరిగా తినడం లేదు. అడిగితే ఎండలంటుంది. వెంటనే తన ఫోను చూసుకుని, "మీరు చూస్తూ ఉండండి, నేను కారు నీడలో పెట్టి వస్తా," అని వెళ్ళిపోయింది. కారు అప్పటికే నీడలో ఉంది.

కింది ఇల్లు తలుపు తీశారు. చిన్న హాలు, చిన్న వంటగది, ఒక పడకగది. నున్నటి నేల. వాకిలి నుంచి చివరి గది దాకా ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. స్నానాల గది గుమ్మానికి కూడా గడప లేదు.

"ఇదేమిటి, గడపలు పెట్టడం మర్చిపోయారా? స్నానం చేసిన నీళ్ళన్నీ మంచం కిందికి రావూ?"

"వాలు అటువైపు ఇచ్చామండి, రావు," అంది మేనేజరు.

పడకగదిలో ఒకటే మంచం, అది కూడా ఒక్కరు పట్టే ఒంటరి మంచం. అటు ఇటు కొలిచి చూశాను. "ఇందులో రెండో మంచం ఎక్కడ పడుతుంది?" అన్నాను. మేనేజరు ఈయన వైపు చూసింది. ఈయన కిటికీ వైపు చూశారు. కిటికీలోంచి చూస్తే ఏముంది, ఒక పొద, ఒక కుళాయి. అంత శ్రద్ధగా చూడాల్సిందేమీ లేదు.

"మూడో అంతస్తు చూపించండమ్మా," అన్నాను మేనేజరుతో.

ఆవిడ ముఖం వికసించింది. "తప్పకుండా! అదే మీకు నప్పుతుంది, పై తాళాలు తెస్తానుండండి," అంటూ గబగబా వెళ్ళింది. ఇందాక కింది ఇల్లు చూపించినప్పుడు లేని హుషారు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అంతుపట్టలేదు. ఈయన మాత్రం, "కింది ఇల్లే. ఇక మాట్లాడకు," అన్నారు. గట్టిగా అనలేదు, అలిసిపోయినట్టు అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో మాట్లాడకు అన్న మాట ఈయన నోట నేను వినలేదు. మాట్లాడినా వినిపించుకోకపోవడమే ఈయన పద్ధతి.

నేను స్నానాల గదిలోకి వెళ్ళాను. ప్రతి ఇంట్లోనూ అది నా పని. తలుపు లోపలి నుంచి గడియ వేసి, బయటి నుంచి తెరవచ్చో లేదో చూస్తాను. కుళాయి తిప్పుతాను. కమ్మీ పట్టుకుని నా బరువంతా వేలాడదీస్తాను. ఆఖరికి గోడ పక్కన వేలాడే ఎర్ర తాడు లాగుతాను. పడిపోయినవాళ్ళు లాగితే ఎవరో ఒకరు వస్తారట. రమ్మని చెప్పి రప్పించుకుంటే తెలిసేదేముంది? చెప్పకుండా లాగాలి. ముందు చూసిన చోట్ల లాగాను. ఒకచోట ఎవరూ రాలేదు, ఇంకోచోట అటు వెళ్తున్న తోటపనివాడు వచ్చి ఏమైనా పోయిందా అని అడిగాడు.

ఇక్కడ కూడా లాగాను.

లాగీ లాగగానే గోడకి బిగించిన చిన్న స్పీకరులోంచి ఆడగొంతు పలికింది. నేను అదిరిపడ్డాను.

"కదలకండి మాస్టారూ! మళ్ళీ కాళ్ళు అతుక్కుపోయాయా? కంగారుపడకండి. కమ్మీ పట్టుకున్నారా? నేల మీద గీత ఉందనుకోండి, ఆ గీత దాటాలనుకోండి. ఎడమ, కుడి అని పైకి చెప్పుకోండి. నేను వస్తున్నా!"

ఏ మాస్టారు? ఎవరి కాళ్ళు? నా చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది.

తలుపు తీసేసరికి ఈయన హాలు మధ్యలో నిలబడి ఉన్నారు. ఆ గొంతు ఈయన కూడా విన్నారు. దొంగతనం చేసినవాడి ముఖం కాదది. చాలా దూరం నుంచి బరువు మోసుకొచ్చి, దింపడానికి చోటు దొరికినవాడి ముఖం.

తెల్ల బట్టల్లో ఒక నర్సమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఎక్కడ మాస్టారూ, ఎక్కడ..." అంటూ వచ్చి, నిటారుగా నిలబడ్డ ఆయన్నీ, స్నానాల గది గుమ్మంలో నన్నూ చూసి నాలిక కరుచుకుంది.

"లాగింది నేనమ్మా," అన్నాను. "మాస్టారెవరు?"

ఆ పిల్ల ఈయన వంక చూసింది. ఈయన తలూపారు. "ఇక్కడ అందరం లిఫ్టు మాస్టారు అంటామండీ," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "కొనేముందు నచ్చుతుందో లేదో పగటిపూట వచ్చి ఉండి చూడొచ్చు కదండీ. అలా వస్తున్నారు. నేను ఈ పక్కనే ఉంటాను అమ్మగారూ." అని చెప్పి వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది. మంచి పిల్ల.

ఈయన పాత మిత్రుల దగ్గరికి చదరంగానికి వెళ్తున్నానని చెప్పేవారు. సాయంత్రం నీరసంగా వచ్చేవారు. కూర్చుని ఆడే ఆటకి అంత అలసటేమిటండీ అని నేను సాధించేదాన్ని. ఓడిపోయానులే అనేవారు.

ఒంటరి మంచం మీద ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చున్నాం. బస్టాండులో బస్సు తప్పిపోయినవాళ్ళలా ఉన్నాం.

"చెప్పండి," అన్నాను.

"లిఫ్టు గుమ్మంలో సందు ఉంటుంది చూడు. బయటి నేలకీ లోపలి నేలకీ మధ్య, వేలెడంత."

"ఉంటుంది."

"బతుకంతా దాటాను దాన్ని. ఒక్కసారైనా చూసి దాటలేదు. ఒకరోజు పొద్దున మన లిఫ్టు ఎక్కబోయాను, కాలు లేవలేదు. నొప్పి లేదు, ఏం లేదు. ఎవరో చెప్పులకి జిగురు రాసి నిలబెట్టినట్టు ఉంది. ఆ సందు నూతిలా కనిపించింది. తలుపు మూసుకోబోయి నాకు తగిలి తెరుచుకుంది. మళ్ళీ మూసుకోబోయింది, మళ్ళీ తెరుచుకుంది. నేను బిగించిన తలుపే అది. ఎవడో తెలియనివాణ్ణి నెట్టినట్టు నెట్టింది."

"ఎవరూ చూడలేదా?"

"కింది ఇంటావిడ చూసింది. ఏంటండీ, రిటైరయ్యాక కూడా లిఫ్టుని వదల్లేకపోతున్నారా అంది. నవ్వాను."

ఈయన ఇప్పుడు కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

డాక్టరుకి చూపించుకున్నారట. నరాల జబ్బట. పేరేదో చెప్పారు, నాకు నోరు తిరగలేదు, తిప్పాలని కూడా అనిపించలేదు. కాళ్ళు మనసు మాట వినడం మానేస్తాయట, అది కూడా ముఖ్యంగా గుమ్మాల దగ్గర, ఇరుకుల దగ్గర. పోదట. మందులతో నెమ్మదిస్తుందట.

"మరి మెట్లు ఎక్కుతున్నారు కదా? లిఫ్టు ఉండగా మెట్లెక్కుతున్నారని, గుండె ఆగుతుందని నేను తిట్టాను కదా?"

"మెట్లు నయం. మెట్టు మెట్టుకీ అంచు కనిపిస్తుంది, కాలు ఎక్కడ పడాలో అదే చెబుతుంది. చదును నేల మీదే తికమక. కానీ మెట్లు ఎన్నాళ్ళు ఎక్కుతాను? లిఫ్టు ఎక్కలేను, మెట్లు ఎక్కలేకపోతాను. అందుకే కింది ఇల్లు. అందుకే గడపలు లేని ఇల్లు."

అప్పుడు ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. మా హాల్లో మంచం నుంచి స్నానాల గది దాకా ఈయన అడుగడుక్కీ పసుపు రంగు టేపు ముక్కలు అడ్డంగా అంటించారు. ఇదెందుకండీ అంటే, చీకట్లో నువ్వు తట్టుకుని పడకుండా అన్నారు. నేను నిజమే అనుకుని మురిసి, మా తోడికోడలికి ఫోను చేసి మరీ చెప్పుకున్నాను. కాఫీ కప్పు సగమే నింపమనేవారు. చక్కెర తగ్గించమన్నారు కాబోలు డాక్టరు అనుకున్నాను. ఇంకొకటి. ఈమధ్య ఏ గుమ్మం దగ్గరైనా ఆగి, "నువ్వు పద," అని నన్ను ముందు వెళ్ళనిచ్చేవారు. పెళ్ళయిన కొత్తలో వీధిలో నేను పరుగెత్తినా అందకుండా ముందు నడిచిన మనిషి, ముసలితనంలోనైనా మర్యాద నేర్చుకున్నారని సంబరపడ్డాను.

"నన్ను ముందు నడవమనేవారు," అన్నాను.

"నీ మడమలు చూసుకునేవాణ్ణి. నీ మడమ ఎక్కడ లేస్తే అక్కడ నా కాలు వేయాలి అనుకునేవాణ్ణి. అప్పుడు లేచేది."

నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను. పగుళ్ళు బారిన మడమలు. వాటిని ఎవరైనా చూస్తారని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇన్నేళ్ళలో నేను భయపడని వస్తువు లేదు. పిడుగులకి భయపడ్డాను. తేనెటీగలకి, పాత వైర్లకి, అమ్మాయి దగ్గర నేర్చుకునేవాళ్ళకి, తెల్లవారుజామున మోగే ఫోనుకి, అసలు మోగని ఫోనుకి భయపడ్డాను. అవేవీ జరగలేదు. ఇలాంటిది ఒకటి ఉంటుందని కూడా తెలియనిది, చడీచప్పుడూ లేకుండా ఇంట్లోకి వచ్చి, నా వెనకాలే నడుస్తూ తిరిగింది. ఇప్పుడు తెలిశాక చేతులు వణకాలి కదా? వణకలేదు. ఏడుపు కూడా రాలేదు. పెద్ద అలసట వచ్చింది. ఎక్కడైనా కాసేపు పడుకుంటే బాగుండుననిపించింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నాకంటే ముందు నువ్వు పడిపోతావని."

"అమ్మాయికి తెలుసా?"

"తెలియదు. దానికి చెప్తే నీకు చెప్పినట్టే."

మేనేజరు తాళాలతో వచ్చి, తలుపు సందులోంచి మా ఇద్దరినీ చూసి, గలగలలాడకుండా గుత్తిని గుప్పిట్లో అదిమిపట్టుకుని వచ్చినదారినే వెళ్ళిపోయింది.

"సరే," అన్నాను. "కింది ఇల్లే తీసుకుందాం. పాములొస్తే చూసుకుందాం. కానీ ఇది చిన్నది. ఇంత పెద్ద కాలనీలో రెండు మంచాలు పట్టే కింది ఇల్లు ఒక్కటి ఉండదా?"

ఈయన దుప్పటి మీద లేని ముడతను చేత్తో సరిచేశారు. ఆ చెయ్యి కొంచెం వణికింది. ఆ వణుకు నేను చూడకూడదని రెండో చెయ్యి దాని మీద వేశారు.

అప్పుడు అర్థమైంది నాకు.

"ఇది ఒక్కరికే అడిగారా?"

"కోప్పడకు."

"ఒక్కరికే అడిగారా అంటున్నాను."

"నువ్వూ అమ్మాయీ ఆ ఇంట్లో ఉండండి. నీకు అలవాటైన ఇల్లు. ఇక్కడ నర్సులున్నారు, తాడుంది. వారం వారం వచ్చి చూసి పోదువుగాని. మా అమ్మ మంచాన పడ్డప్పుడు చూశాను నిన్ను. ఏళ్ళ తరబడి ఎత్తావు, దింపావు, కడిగావు. అమ్మ పోయిన రోజు అందరూ ఏడిచారు. నువ్వు ఏడవలేదు, నిద్రపోయావు. ఇంటినిండా జనం, నువ్వు వంటింటి మూల చాప మీద గోడవైపు తిరిగి పడుకుని లేపినా లేవలేదు. జనం తలా ఒక మాట అన్నారు. నేను మాత్రం అప్పుడే అనుకున్నాను, ఈ మనిషికి మళ్ళీ ఇలాంటి పని పెట్టకూడదని."

ఇన్నేళ్ళూ ఆ నిద్ర ఈయనకి గుర్తుందని నాకు తెలియదు. ఆ రోజు నేను నిద్రపోతుంటే నా కాళ్ళ మీద ఎవరో దుప్పటి కప్పారు. ఎవరో ఆడవాళ్ళనుకున్నాను.

మనసు మెత్తబడింది. మెత్తబడ్డ కొద్దీ కోపం వచ్చింది.

"మీకు ఇళ్ళు ఎంచడం రాదండీ," అన్నాను. "లిఫ్టులు తెలిసినట్టు ఇళ్ళు తెలియవు మీకు. తాడు ఉందన్నారు. తాడు పడ్డాక లాగేది. పడకుండా మీ ముందు ఎవరు నడుస్తారిక్కడ? ఆ పిల్ల రోజంతా మీకు మడమలు చూపిస్తూ నడుస్తుందా?"

ఈయన తలెత్తారు.

"గడప లేని ఇల్లు వెతికారు. బాగానే ఉంది. ఈ ఇంట్లో గడప లేదు, నిజమే. వీధిలో లేవా? డాక్టరు దగ్గర లేవా? బస్సుకి లేదా? లోకంలో గడపలన్నీ తీయించేస్తారా మేనేజరు చేత? నేనంటే ఎత్తి దింపి అలిసిపోతానని మీ భయం. భయపడడం నా పని, అది మీరెప్పుడు తీసుకున్నారు? దానికి మీకు అనుభవం చాలదు. చూశారుగా, ఒక్కటి భయపడేసరికి ఇల్లు విడిచి పోదామనుకున్నారు. నేను రోజుకి పది భయపడి కూడా వంట చేస్తున్నాను."

"నువ్వు అలిసిపోతావే."

"అలిసే ఉన్నాను. కొత్తగా అలిసేదేముంది?"

ఆయన మంచం ఆ చివర నుంచి నా వైపు కొంచెం జరిగారు. ఆ జరగడంలో ఒప్పుకోలు ఉంది. నాకు చాలు.

నేను లేచి మళ్ళీ స్నానాల గదిలోకి వెళ్ళి, ఎర్ర తాడు పట్టుకుని లాగాను.

"మాస్టారూ?" అంది గోడ.

"మాస్టారు కాదమ్మా, నేను."

"పడ్డారా అమ్మగారూ?"

"పడలేదు. ఒక్కరికని అడిగిన ఇల్లు ఇద్దరికి మార్చాలంటే ఎవరితో చెప్పాలి? ఇంతకంటే ఒక గది ఎక్కువుండాలి, కిందే ఉండాలి, గడప ఉండకూడదు."

"అమ్మగారూ, ఈ తాడు ఆపదకి లాగేదండీ."

"ఇదీ ఆపదే తల్లీ."

ఫోను ఎవరో చేత్తో మూసి పక్కన ఎవరినో అడుగుతున్నట్టు గుసగుస వినిపించింది. తరవాత ఆ పిల్ల గొంతు చాలా జాగ్రత్తగా వచ్చింది.

"అమ్మగారూ, ఆ ఇల్లు మీకు ఇవ్వడం లేదటండీ. నిన్న సాయంత్రం మీ అమ్మాయిగారు వచ్చి వద్దని చెప్పి వెళ్ళారట. ఒక్కరికీ వద్దు, ఇద్దరికీ వద్దు, కింది ఇల్లు ఏదీ ఇవ్వొద్దన్నారట. ఇంట్లో అందరం అనుకునే చెబుతున్నామన్నారని మేనేజరు గారు అంటున్నారు. నాకిప్పుడే తెలిసింది."

నేను గుమ్మంలోంచి ఈయన ముఖం చూశాను. విన్నారు. దానికి తెలియదన్న మనిషికి, దానికి తెలుసని నాతోపాటే తెలిసింది.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. పొద, కుళాయి, వాటి అవతల నీడలో కారు. కారుకి ఆనుకుని అమ్మాయి. ఫోను చెవికి పెట్టుకుని ఉంది గానీ పెదాలు కదలడం లేదు. ఇటే, ఈ కింది కిటికీ వైపే చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"పదండి," అన్నాను.

ఈయన లేచారు. హాలు దాటారు. వీధి తలుపు దగ్గర లోపలి తెల్ల నేల ఆగి, బయటి నల్ల నేల మొదలైనచోట నిలబడిపోయారు. గడప లేదక్కడ. రంగు మారింది, అంతే. అయినా ఆయన కాళ్ళకి ఎవరో మేకులు కొట్టినట్టు ఆగిపోయారు. కన్నతండ్రి గుట్టు కూతురు కనిపెట్టిన వేళ అడుగు ఎలా పడుతుంది?

నేను ఆయన్ని చుట్టి ముందుకొచ్చి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకున్నాను, మడమలు కనబడేటట్టు.

"చూడండి," అన్నాను. "ఎడమ."

వెనక చెప్పు కదిలిన చప్పుడైంది.

"కుడి."

అలాగే నడిచాం, ఊరేగింపులో దారి తప్పిన ఇద్దరిలా. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే నా మడమ తిరిగిపోతుంది.

మమ్మల్ని చూసి అమ్మాయి ఫోను దింపింది. మా నడక చూసింది, నా చేతుల్లో చీర చూసింది, ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. దాని కింది పెదవి చిన్నప్పటిలా ఒకవైపుకి లాగింది. ముందు తండ్రికి వెనక తలుపు తీసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నేను అలవాటు చొప్పున వెనక సీట్లోకి, ఆయన పక్కకి వెళ్ళబోయాను.

"నువ్వు అక్కడ కాదమ్మా," అంది అమ్మాయి.

ముందు సీటు తలుపు తీసింది. ఏళ్ళ తరవాత నాకు ఆ సీటు. కింద రెండో బ్రేకు, అరిగిన రబ్బరుతో, నా కాలి కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"ఇక్కడ కూర్చో," అంది. "నేను ఆ ఇల్లు ఎందుకు వద్దన్నానో చెప్తాను. వినేటప్పుడు నీకు ఏదో ఒకటి తొక్కడానికి ఉండాలి."